డీబగ్ పోర్టు తెరిచే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

రిమోట్ డీబగ్గింగ్ సర్వర్ (నడుస్తున్న ప్రోగ్రాంలోని తప్పులను వేరే కంప్యూటర్ నుంచి వెతకనిచ్చేది) బాధ్యత నీకు అప్పగించారని రాశావు. చాలా సంతోషం. డీబగ్గర్ వచ్చి కలిసే పోర్టు తెరవకముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

డీబగ్ పోర్టు తలుపుకు తాళం ఉండదు. జావా డీబగ్గింగ్‌కు వాడే జేడీడబ్ల్యూపీ అనే పద్ధతికి గానీ, సీ లాంటి భాషల ప్రోగ్రాంలకు జీడీబీ డీబగ్గర్‌తో వాడే జీడీబీసర్వర్‌కు గానీ పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు. జేడీడబ్ల్యూపీలో అవతలివాళ్లు 14 అక్షరాల పలకరింపు పంపుతారు, సర్వర్ అదే తిరిగి పంపుతుంది, లోపలికి వచ్చేసినట్లే. ఆపైన వాళ్లు వేరియబుల్స్ చూసి ఊరుకోనక్కర్లేదు, నడుస్తున్న ప్రోగ్రాం చేత తమకు కావలసిన పని చేయించవచ్చు. ప్రోగ్రాంకు ఏ ఫైళ్ల మీద అధికారం ఉందో వాళ్లకూ అంతే ఉంటుంది. అందుకే ఆ ప్రోగ్రాంను సర్వాధికారాలూ ఉండే రూట్ ఖాతాతో ఎన్నడూ నడపకు.

పోర్టును 127.0.0.1 మీదే, అంటే అదే యంత్రం లోపలి నుంచి మాత్రమే అందే లోకల్‌హోస్ట్ చిరునామా మీదే ఉంచు. జావా 9 నుంచి ఉత్త పోర్టు నంబరు ఇస్తే అది లోకల్‌హోస్ట్‌కే పరిమితమవుతుంది. జావా 8లో అదే రాత అన్ని నెట్‌వర్క్‌లకూ తెరుచుకుంటుంది. కనెక్ట్ కావడం లేదని ఎవరైనా అనగానే నంబరు ముందు నక్షత్రం గుర్తు (అన్ని నెట్‌వర్క్‌లకూ తెరువు అని అర్థం) పెట్టేసే అలవాటు చాలామందికి ఉంది. దానికి నువ్వు ఒప్పుకోవద్దు. ప్రోగ్రాంను విడిగా ఒక పెట్టెలో పెట్టినట్టు నడిపే డాకర్ కంటైనర్ లోపల మాత్రం ఆ గుర్తు అవసరమవుతుంది. అప్పుడు బయటికి పోర్టు ఇచ్చేచోట, నీ పోర్టు 5005 అనుకుంటే, 5005:5005 అని వదిలేయకుండా 127.0.0.1:5005:5005 అని రాయి. లేకపోతే డాకర్ దాన్ని అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా తెరుస్తుంది, నువ్వు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో పెట్టిన నిబంధనలు దాన్ని ఆపలేవు.

మీ బృందం ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (లాగిన్ అయ్యాకే దొరికే రహస్య దారి) ద్వారానే రావాలి. ఒక్కొక్కరికీ సొంత ఖాతా, లాగిన్‌కు సొంత కీ ఇవ్వు. అందరికీ ఒకటే కీ ఇస్తే ఎవరు ఎప్పుడు వచ్చారో తెలియదు, ఒకరు మానేసిన రోజున అందరి కీ మార్చాలి. సర్వర్‌లో ఆ కీ ఎదుట పర్మిట్‌ఓపెన్ అనే నిబంధన రాస్తే, దాని టన్నెల్ నువ్వు చెప్పిన పోర్టుకే వెళ్తుంది. ఒక్క మాట గుర్తుంచుకో: టన్నెల్ నెట్‌వర్క్‌ను కాపాడుతుందే గానీ, అదే యంత్రంలో లాగిన్ అయిన ఇతరులను ఆపదు. పదిమంది వాడే సర్వర్ మీద డీబగ్ పోర్టు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

జావాలో ఒక ప్రోగ్రాంకు ఒకసారి ఒక డీబగ్గరే కలుస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో ముందే చెప్పుకోండి. బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఇక్కడ ఆగాలని పెట్టే గుర్తు) తగిలితే మామూలుగా థ్రెడ్లన్నీ, అంటే ప్రోగ్రాంలో ఒకేసారి సాగే పనులన్నీ ఆగిపోతాయి, ఇతరులు వాడకుండా అవి అప్పటికే పట్టుకున్న లాకులు అలాగే ఉండిపోతాయి. ఎవరో బ్రేక్‌పాయింట్ పెట్టి భోజనానికి లేచి వెళ్తే, వాడుకరులు తెర ముందు ఎదురుచూస్తూ ఉంటారు. వాడుకలో ఉన్న సర్వర్ మీద ఆపకుండా లాగ్ మాత్రం రాసే బ్రేక్‌పాయింట్లు వాడండి.

ముగించేటప్పుడూ జాగ్రత్త అవసరం. జీడీబీలో కిల్ అంటే ప్రోగ్రాం చచ్చిపోతుంది, డిటాచ్ అంటే తన దారిన నడుస్తుంది. జీడీబీసర్వర్‌ను వన్స్ ఆప్షన్‌తో మొదలుపెడితే మొదటి క్లయింట్ కలిశాక ఇంకెవరికోసమూ వినదు. పని కాగానే డీబగ్ ఆప్షన్ తీసేసి ప్రోగ్రాంను మళ్లీ ప్రారంభించు.

ఈరోజే ఒక పని చెయ్యి. టన్నెల్ లేకుండా, వేరే కంప్యూటర్ నుంచి నేరుగా ఆ పోర్టుకు కనెక్ట్ కావడానికి ప్రయత్నించు. కనెక్ట్ కాకూడదు. అయిందంటే సర్వర్ ఆపేసి, వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య