గాలి తీసెయ్, అస్తమయం ఉంచు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. గ్రహాన్ని బాగా పట్టావు. ఎల్‌హెచ్‌ఎస్ 3844 బి మనకి దాదాపు 49 కాంతి సంవత్సరాల దూరం. 2018లో టెస్ టెలిస్కోప్ కనిపెట్టింది. భూమికి 1.3 రెట్లు వెడల్పు, తన నక్షత్రం చుట్టూ 11 గంటల్లో తిరిగొచ్చేస్తుంది. అంటే రోజుకి రెండు ఉగాదులు! ఈ మాట కావాలంటే నీ కథలో వాడుకో.

ఇక గొడవలోకి వస్తాను. మూడో పేజీలో జెండా గాలికి రెపరెపలాడింది. ఎలా? 2019లో స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోప్ తీసిన పరారుణ కొలతల్లో నక్షత్రం వైపున్న సగం 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేలింది. చీకటి సగం నుంచి వచ్చే వేడి కొలతకే అందలేదు. దట్టమైన వాతావరణం ఉంటే పగటి వేడి కొంతైనా అటు చేరేది. కాబట్టి జెండా కదలదు, ఈల వినపడదు, ఆకాశం పట్టపగలే నల్లగా ఉంటుంది. లావా నది కూడా తీసెయ్. అక్కడున్నది బసాల్ట్ లాంటి నల్లరాయి అని అంచనా. 770 డిగ్రీల్లో సత్తు గిన్నె కరుగుతుంది గానీ ఆ రాయి కరగదు.

అన్నీ కొట్టేస్తే ఇంకేం రాయాలి మాస్టారూ అంటావు. నీ అస్తమయం సీన్ ఉంది కదా, దాన్ని మాత్రం ఉంచు. కాకపోతే నువ్వు రాసినట్టు రాతి మీద కూర్చుని చూడటం కుదరదు. అంత దగ్గరగా తిరిగే గ్రహం ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు పెట్టి ఉంటుంది, పొద్దు కదలదు. కానీ ఆ నక్షత్రం అక్కడి నుంచి మన సూర్యుడికి 30 రెట్లు వెడల్పుగా కనిపిస్తుంది. లెక్క కట్టి చూడు, వెలుగుకీ చీకటికీ మధ్య 2,000 కిలోమీటర్లకు పైగా పట్టీ వస్తుంది. దాని ఈ చివర బింబం నిండుగా ఉంటుంది, ఆ చివర అంచు మాత్రమే మిగులుతుంది. అస్తమయం చూడాలంటే నీ హీరోయిన్ నడవాల్సిందే! పాతకాలం ఫిలమెంట్ బల్బు రంగు వెలుగులో, రోజుకింత చొప్పున పొద్దును తనే ముంచుకుంటూ పోతుంది. బూటు కింద రాయి విరిగితే చప్పుడుండదు, అదురు మోకాలిదాకా తెలుస్తుంది. ఎందుకు నడుస్తోంది, వెనక ఎవరిని వదిలేసింది అన్నది ఏ టెలిస్కోపూ చెప్పదు, అది నువ్వే రాయాలి.

విజయవాడలో అమ్మకి వీడియో కాల్ చేసే పేజీ నాకు నచ్చింది, కానీ "హలో" చేరడానికే 49 ఏళ్లు. కాల్ బదులు ఆమె ఎప్పటికీ పంపని మెసేజ్ పెట్టి చూడు.

ఆ చీకటి సగంలో ఏం పెట్టినా నేను అడ్డు చెప్పను. తిరగరాసి పంపు. పదిహేను పేజీలు దాటనివ్వకు, ఈసారి మార్జిన్ వదులు.

ఆశీస్సులతో,
మాస్టారు