మిర్చి రైతుల మీద పీహెచ్‌డీ చేస్తున్న మేనకోడలికి

బిడ్డా,

నీ సినాప్సిస్ చదివాను. టాపిక్ బాగుంది, మిర్చి రైతుల అప్పుల మీద మన దగ్గర ఎంత రాసినా తక్కువే. కానీ మెథడాలజీ పేజీలో పాపులేషన్, శాంపిల్, వేరియబుల్, హైపోథిసిస్ అన్నీ ఉన్నాయిగానీ మిర్చి రైతు ఒక్కడూ కనిపించలేదు. ఆ పేజీని ఏ థీసిస్‌లో పెట్టినా సరిపోతుంది, అదే నా బాధ.

ముందు పాపులేషన్, అంటే నీ థీసిస్ ఎవరి గురించో ఆ మొత్తం జనం, సంగతి తేల్చుకో. 'వరంగల్ రైతులు' అంటే ఎవరు? సొంత భూమి ఉన్నవాళ్లా, కౌలుకు చేసేవాళ్లు కూడానా, ములుగు, మహబూబాబాద్ నుంచి సరుకు తెచ్చేవాళ్లు కూడా వస్తారా? నువ్వేమో ఏనుమాముల మార్కెట్ యార్డులో నిలబడి దొరికిన వాళ్లను అడుగుతానని రాశావు. అప్పు ఇచ్చిన వ్యాపారికే ఊళ్లో కల్లం దగ్గర పంట అప్పజెప్పినవాడు యార్డుకు ఎందుకు వస్తాడు? నీకు కావాల్సింది వాడే, నీ శాంపిల్‌లో, అంటే నువ్వు అడగబోయేవాళ్లలో, లేనిదీ వాడే. దీన్నే శాంప్లింగ్ బయాస్ అంటారు, ఇంకో వెయ్యిమందిని అదే గేటు దగ్గర అడిగినా అది పోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి, అయినా లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని చెప్పి బోల్తా పడింది, గెలిచింది రూజ్వెల్ట్.

ఇక శాంపిల్ సైజు అని నువ్వు రాసిన ఆ 384. ప్రతి స్కాలరూ ఇదే అంకె ఎందుకు రాస్తాడో తెలుసా? 95 శాతం కాన్ఫిడెన్స్, 5 శాతం మార్జిన్ ఆఫ్ ఎర్రర్, పెద్ద పాపులేషన్, సింపుల్ రాండమ్ శాంప్లింగ్ (అందరికీ సమాన అవకాశం ఉండేలా చీటీ తీసినట్టు ఎంచుకోవడం) అనుకుని లెక్క కడితే వచ్చేది అది. నువ్వు ముందు మండలాలు, తర్వాత ఊళ్లు, ఆ తర్వాత రైతులను ఎంచుకుంటున్నావు. ఒకే ఊరి రైతులకు నీళ్లూ, షావుకారూ ఒకటే కాబట్టి జవాబులూ దగ్గరదగ్గరగా ఉంటాయి, అందుకే మామూలుగా ఇంకా ఎక్కువమంది కావాలి. వైవాలో ఇది అడిగితే 'సార్, శాంపిల్ సైజు టేబుల్‌లో ఉంది' అనకు.

వేరియబుల్, అంటే నువ్వు కొలిచేది, అని 'అప్పు' రాశావు. బ్యాంకు పంట రుణమా, కుదువ పెట్టిన బంగారమా, మహిళా సంఘంలో భార్య తీసుకున్నదా, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిందా? అసలు మాత్రమేనా, మిత్తి కూడా కలుపుతావా? ఏ రోజు నాటికి? ఇవన్నీ ముందే రాసుకోవడమే ఆపరేషనల్ డెఫినిషన్, నా దృష్టిలో థీసిస్‌లో సగం పని ఇదే. ప్రశ్నావళికి క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని సంబరపడకు. ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని అది చెబుతుంది, అంతే. నువ్వు అడగాలనుకున్నదే అడిగావా అన్నది వ్యాలిడిటీ, అది వేరు.

సగటుతో పాటు మీడియన్ (అప్పులన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) కూడా ఇవ్వు, పెద్ద అప్పులున్న నలుగురు సగటును ఎక్కడికో లాక్కుపోతారు. స్టాండర్డ్ డీవియేషన్ రైతుకూ రైతుకూ ఉన్న తేడా చెబుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ నీ సగటు ఎంత నమ్మకమైనదో చెబుతుంది. శాంపిల్ పెరిగితే తగ్గేది రెండోదే.

పీ వాల్యూ గురించి మాత్రం కాస్త ఓపిగ్గా చదువు. 0.03 వచ్చిందంటే నల్ హైపోథిసిస్, అంటే 'ఏ తేడా లేదు' అన్న ఊహ, నిజమయ్యే అవకాశం 3 శాతమని కాదు. నిజంగా ఏ తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కనబడే అవకాశం 3 శాతమని. పీ వాల్యూ ఇంతకన్నా తక్కువైతే ఫలితాన్ని సిగ్నిఫికెంట్ అంటారే, ఆ 0.05 గీత కూడా దేవుడు గీసింది కాదు, 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ తన పుస్తకంలో వీలుగా ఉంటుందని పెట్టుకున్నది జనం పట్టుకుని వేలాడుతున్నారు. శాంపిల్ పెద్దదైతే క్వింటాలుకు ఇరవై రూపాయల తేడా కూడా సిగ్నిఫికెంట్ అని రావచ్చు, ఆ డబ్బుతో రైతుకు ఏం ఒరుగుతుంది? అందుకే తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో ఆ హద్దులు) ఎంతో కూడా రాయి. ఇరవై టెస్టులు చేసి కలిసొచ్చిన ఒక్కటే చూపించే పని మాత్రం పెట్టుకోకు.

కోరిలేషన్, అంటే రెండు అంకెలు కలిసి పెరగడమో తగ్గడమో, కనబడగానే కారణం దొరికిందనుకోకు, ఎక్కువ అప్పున్నవాడికి ఎక్కువ దిగుబడి వస్తే వెనక ఎకరాల లెక్క ఉందేమో చూడు.

ముందు ఓ పదిమందితో ప్రశ్నావళి పైలట్ చేసుకో. మిర్చి కోతలు మొదలైతే నీతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, అందుకని దసరా దాటగానే ఊళ్లకు బయలుదేరు. వెళ్లేముందు ఆ అప్పు డెఫినిషన్ ఒక పేజీ రాసి నాకు వాట్సాప్ చెయ్యి.

మీ మామయ్య