టెంపరేచర్ మీటరు పెట్టిస్తే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. రెండేళ్ల క్రితం టర్బో పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ ఇంకా ఏడాది ఉంది. ఇందులో ఇంజిన్ వేడిని చూపే ముల్లు లేదు, నీలం లైటు, ఎర్ర లైటు మాత్రమే ఉన్నాయి. పాడేరు ఘాట్ రోడ్డులో ఎర్ర లైటు వెలిగేదాకా ఇంజిన్ వేడెక్కిన సంగతే తెలియలేదు. అందుకని కూలెంట్ టెంపరేచర్, ఆయిల్ ప్రెజర్, టర్బో బూస్ట్ గేజ్‌లు మూడూ బయట పెట్టించుకుందామనుకుంటున్నాను. షోరూమ్‌లో అడిగితే మొత్తం వారంటీ పోతుందన్నారు. ఒక స్నేహితుడేమో అది నేరం, ఆర్టీవో కేసు రాస్తాడంటున్నాడు. అమెరికాలో ఉన్న మా కజిన్ మాత్రం అలా వారంటీ రద్దు చేయడమే చట్టవిరుద్ధం అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, ఎవరి మాటా పూర్తిగా నిజం కాదు. ముందు నేరం సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ ఉన్నదానికంటే భయమే ఎక్కువ.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో నమోదైన వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఆర్టీవో వర్సెస్ జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అప్పటి నుంచి 'కారుకు ఏం తగిలించినా నేరమే' అన్న ప్రచారం మొదలైంది. కానీ మార్పు అంటే ఏమిటో ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది: బండి మూల లక్షణం మారిపోయేలా దాని నిర్మాణంలో చేసే మార్పు. డ్యాష్‌బోర్డు మీద రెండంగుళాల గేజ్ పెడితే ఇంజిన్ నంబరు మారదు, ఇంధనం మారదు, సీట్ల సంఖ్య మారదు. ఆర్సీలో దిద్దాల్సిన గడి ఒక్కటీ ఉండదు.

అదే 2019లో సవరణ ద్వారా 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని రీతిలో బండిని మార్చినా, విడిభాగాలు రెట్రోఫిట్ చేసినా (అంటే తర్వాత బయట అమర్చినా) యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇందులో రెట్రోఫిట్ అన్న మాట ఉంది కాబట్టి తనిఖీలో ఎవరైనా దాన్ని పట్టుకుని వాదించవచ్చు. అయినా 'అనుమతి లేని రీతి' అని చూపించడానికి ఏదో ఒక నిబంధన ఉండాలి. ఉత్త గేజ్ విషయంలో అలాంటి నిబంధనేదీ అడ్డు రాదన్నది నా అభిప్రాయం.

నిబంధన అడ్డొచ్చే పనులు వేరే ఉన్నాయి. కంపెనీ మీటర్ల క్లస్టర్ మొత్తం పీకేసి బయటిది పెట్టడం అందులో మొదటిది. స్పీడోమీటర్ ఎలా ఉండాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వ నిబంధన చెబుతుంది. పైగా క్లస్టర్‌తోపాటు కిలోమీటర్ల లెక్క కూడా మారితే, రేపు బండి అమ్మేటప్పుడు మోసం ఆరోపణ మీ మెడకు చుట్టుకుంటుంది. రెండోది, గాలి-ఇంధనం నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ గేజ్. మీరు అడగలేదు కానీ బూస్ట్ గేజ్ కొనేవాళ్లకు షాపులో దీన్నీ అంటగడతారు. దీని సెన్సర్ కోసం సైలెన్సర్ పైపుకు రంధ్రం చేసి వెల్డింగ్ చేస్తారు. అక్కడి నుంచి పొగ ప్రమాణాలు దెబ్బతింటే 190వ సెక్షన్ కింద తొలిసారికే మూడు నెలల దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ, దానికి తోడు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత. దాని జోలికి వెళ్లకండి.

ఇక వారంటీ. మీకు అసలు నష్టం జరిగేది ఇక్కడే. మీ కజిన్ చెప్పింది అమెరికాలోని 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం. అది మనకు వర్తించదు. మనకు ఆధారం వారంటీ పుస్తకంలోని షరతులు, వినియోగదారుల రక్షణ చట్టం 2019. 'బయటి పరికరం వల్ల కలిగిన నష్టానికి బాధ్యత లేదు' అన్న షరతు దాదాపు ప్రతి కంపెనీ పుస్తకంలో ఉంటుంది. అందులో 'వల్ల' అన్న మాట దగ్గరే మన వాదన నిలబడుతుంది. ఆయిల్ ప్రెజర్ గేజ్ కోసం ఆయిల్ ఫిల్టర్ దగ్గర పెట్టిన అడాప్టర్ ప్లేటు కారి, ఆయిల్ పోయి, ఇంజిన్ పట్టేస్తే క్లెయిమ్ మర్చిపోండి, నేనైనా ఆ కేసు తీసుకోను. అదే పవర్ విండో మోటారు పాడైతే గేజ్ సాకుతో కాదనడానికి లేదు, అది సేవాలోపమే అవుతుంది.

ఇక్కడ పనికొచ్చే ఉత్తర్వు ఇంకొకటి ఉంది. 2014 ఆగస్టులో మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ చేత పని చేయించినంత మాత్రాన మొత్తం వారంటీ రద్దనే షరతు పెట్టకూడదని, ఆ పని వల్ల కలిగిన నష్టం మేరకే కాదనవచ్చని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, పైగా అది రిపేర్ల గురించిన ఉత్తర్వు. దాన్ని బ్రహ్మాస్త్రం అనుకోకండి, వాదనకు బలంగా మాత్రం వాడుకోవచ్చు.

కాబట్టి ఏ గేజ్ కొనాలన్నది బ్రాండును బట్టి కాదు, అది సమాచారం ఎక్కడి నుంచి తీసుకుంటుందన్నదాన్ని బట్టి తేల్చుకోండి. మీ కారులో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్, అంటే ఇంజిన్ కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్, ఉంటుంది. కూలెంట్ వేడి, ఇన్‌టేక్ ప్రెజర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) ఇంజిన్ కంప్యూటర్ ఎలాగూ కొలుస్తుంది కాబట్టి, అక్కడ గుచ్చే డిస్‌ప్లే ఒక్కటి కొంటే టెంపరేచర్, బూస్ట్ రెండూ కనిపిస్తాయి. వైరు కోయక్కర్లేదు, హోస్ కోయక్కర్లేదు. చౌకరకం పరికరాన్ని రోజుల తరబడి అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, అంతవరకు చూసుకోండి. ఇంకో మాట: ఆ డిస్‌ప్లేలో ఫాల్ట్ కోడ్ (లోపం వస్తే ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసే కోడ్) చెరిపేసే బటన్ ఉంటుంది. ఇంజిన్‌లో ఏదైనా సమస్య వస్తే షోరూమ్‌కి వెళ్లే ముందు దాన్ని నొక్కకండి. రేపు మీ తరఫున సాక్ష్యం చెప్పేది ఆ కోడ్‌తోపాటు నమోదైన డేటానే.

చిక్కల్లా ఆయిల్ ప్రెజర్‌తోనే. చాలా చిన్న కార్లలో దానికి సెన్సర్ ఉండదు, ప్రెజర్ పడిపోతే లైటు వెలిగించే స్విచ్ మాత్రమే ఉంటుంది. అందుకే ఓబీడీలో ఆ అంకె రాదు. గేజ్ కావాలంటే ఇంజిన్ ఆయిల్ దారిలో అడాప్టర్ పెట్టాల్సిందే. వారంటీ ఉన్న బండికి ఆ పని వద్దు. వారంటీ అయ్యాక కావాలంటే ఎలక్ట్రిక్ గేజ్ తీసుకోండి. మెకానికల్ రకంలో వేడి ఆయిల్ సన్నటి గొట్టంలో క్యాబిన్‌లోకే వస్తుంది, ఆ గొట్టం ఊడితే కాలిపోయేది మీ కాళ్లే.

గేజ్‌ను ముందు అద్దం పక్కనున్న పిల్లర్‌కు బిగిస్తే చూడటానికి బాగుంటుంది. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే మాత్రం ఆ చోటు వద్దు. అక్కడ బిగించిన వస్తువు బ్యాగు తెరుచుకోవడానికి అడ్డం పడవచ్చు, ఊడి మొహానికి తగలవచ్చు. అదే జరిగితే కంపెనీని గానీ అమ్మిన డీలర్‌ను గానీ అడగడం కష్టం. వస్తువును మార్చి ఉంటే అమ్మినవారిపై ఉత్పత్తి బాధ్యత దావా నడవదని వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు, అడగాల్సింది. ఓబీడీలో గుచ్చి తీసేసే పరికరంతో గొడవ లేదు. వైరింగ్‌తో శాశ్వతంగా బిగిస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి ఎలక్ట్రికల్ ఫిట్టింగ్స్ కింద, అంటే మోటారు ఇన్సూరెన్స్ టారిఫ్‌లోని ఐఎంటీ 24 అనే క్లాజు కింద, పాలసీలో రాయించండి. టారిఫ్ లెక్కన ఆ వస్తువు విలువలో 4 శాతం అదనపు ప్రీమియం. 15,000 సామానుకు 600, దాని మీద పన్నేదైనా ఉంటే అది. చెప్పకుండా బిగించి, షార్ట్ సర్క్యూట్‌తో బండి తగలబడితే సర్వేయర్ మొదట చూసేది ఆ జాయింట్లనే. మార్పుకూ నష్టానికీ సంబంధం లేకపోయినా క్లెయిమ్ మొత్తం కొట్టేస్తే ఊరుకోకండి. షరతు ఉల్లంఘన ఉన్న కేసులోనూ 75 శాతం ఇవ్వాలని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపు తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసే, ఫీజు లేదు. మీ బండి ఎవరినైనా ఢీకొడితే వాళ్లకు ఇవ్వాల్సిన థర్డ్ పార్టీ పరిహారాన్ని మాత్రం గేజ్ పేరు చెప్పి ఎగ్గొట్టడం కంపెనీకి సాధ్యం కాదు.

షోరూమ్ వాళ్లు నోటితో అన్నదానికి విలువ లేదు. 'ఓబీడీ డిస్‌ప్లే వాడదలిచాను, వారంటీలో ఏ షరతు దీన్ని నిషేధిస్తుంది?' అని డీలర్‌కూ, తయారీ కంపెనీకీ కలిపి ఒక మెయిల్ పెట్టండి. జవాబు రాకపోయినా ఆ మెయిల్ మీ దగ్గర ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా క్లెయిమ్ నిరాకరిస్తే కారణం జాబ్ కార్డు మీదే రాసివ్వమనండి, 'కస్టమర్ మార్పుల వల్ల' అని వాళ్లు రాసిన వాక్యం కింద సంతకం పెట్టకండి. సర్వీసుకు వెళ్లే ముందు గేజ్‌లు పీకి దాచే అలవాటు కొందరికి ఉంది. స్క్రూ రంధ్రాలు, టేపు మరకలు అక్కడే ఉంటాయి, కోర్టులో అబద్ధం బయటపడితే మంచి కేసు కూడా పోతుంది.

గొడవ ముదిరితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. అక్కడా తేలకపోతే మీరు ఉంటున్న ఊళ్లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు. లోపం గేజ్ వల్లా, తయారీ వల్లా అన్న వివాదం వస్తే ఆ భాగాన్ని ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరండి. అందుకే పాడైన భాగం షోరూమ్‌లోనే వదిలేసి రావద్దు. వారంటీ అయ్యాక ఆయిల్ ప్రెజర్ గేజ్ పెట్టిస్తే, ఏ వైరు ఎక్కడ కలిపారో, ఏ అడాప్టర్ వేశారో రాసిన పక్కా బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. కచ్చా చీటీతో పని చేయించుకుంటే, ఆయిల్ కారిన రోజున ఆ షాపు మీద కేసు వేయడానికి మీ చేతిలో కాగితం ఉండదు.