అలారం ముందుకు జరిపితే సరిపోదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. రాత్రి ఒంటిగంట దాటితే గానీ నిద్ర పట్టదు. పొద్దున్నే లేస్తేనే ఆరోగ్యమని విని, రెండు నెలలుగా ఐదింటికి అలారం పెట్టుకుని లేస్తున్నాను. రోజంతా తల బరువుగా, చిరాకుగా ఉంటోంది. మధ్యాహ్నం పనిలో కునుకు పడుతోంది. సెలవు రోజున పదకొండు దాకా లేవలేకపోతున్నాను. ఇది బద్ధకమా? నేను మారలేనా?

జవాబు: బద్ధకం కాదు, మీకు నిద్ర చాలట్లేదు. ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేస్తే దక్కేది నాలుగు గంటలే. పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. సెలవు రోజున పదకొండు దాకా పడుకుంటున్నది ఆ లోటు తీర్చుకోవడానికే. ముందు ఆ ఐదింటి అలారం తీసేయండి. నిద్ర కోసుకుని తెల్లవారుజామునే లేవడం వల్ల ఆరోగ్యం రాదు.

మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఉండే ఒక చిన్న కణాల గుంపు మన నిద్ర, మెలకువల వేళలను గడియారంలా నడిపిస్తుంది. దాని చక్రం సగటున 24 గంటల కంటే కాస్త ఎక్కువ. కాబట్టి వదిలేస్తే నిద్రవేళ రోజురోజుకూ ఆలస్యమవుతుంది. దాన్ని ఏ రోజుకారోజు సరిచేసేది కంటికి తగిలే వెలుతురు. ఒకరికి తొమ్మిదింటికే కళ్లు మూతపడటం, ఇంకొకరు అర్ధరాత్రి దాకా హుషారుగా ఉండటం వెనక జన్యువుల పాత్ర చాలా ఉంది. పండ్ల ఈగల్లో ఇలాంటి ఒంటి గడియారం పనితీరును బయటపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. వయసు ప్రభావమూ ఉంటుంది. టీనేజ్‌లో నిద్ర ఆలస్యమవుతుంది, పెద్దవయసులో ముందుకు జరుగుతుంది.

అంటే మీరు పూర్తిగా వేరే మనిషిగా మారకపోవచ్చు. కానీ నిద్రవేళను గంటో, రెండు గంటలో ముందుకు తేవడం చాలామందికి సాధ్యమే. ఇప్పుడు అలారం లేకుండా ఎన్నింటికి మెలకువ వస్తుందో చూసుకోండి. ఎనిమిదిన్నర అనుకుందాం. అక్కడి నుంచే మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి ఓ పావుగంట ముందుకు జరపండి. పడుకునే వేళనూ అంతే జరపాలి. లేవగానే అరగంట ఆరుబయట గడపండి. మబ్బు పట్టినా బయటి వెలుతురు ఇంట్లో లైట్ల కంటే చాలా ఎక్కువ. పడుకునే ముందు రెండు గంటలు లైట్లు తగ్గించి, ఫోన్ పక్కన పెట్టండి. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు, తాగిన ఐదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ సుమారు సగం ఒంట్లోనే ఉంటుంది. సెలవు రోజున గంటకు మించి ఆలస్యంగా లేవకండి. చాలామంది జారిపోయేది ఇక్కడే. నిద్ర కోసం వాడే మెలటోనిన్ మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు.

కంటినిండా నిద్రపోయినా పగలు మత్తుగా ఉంటే, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే, వారాల తరబడి మనసు దిగులుగా ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి. ఈ నిద్రలేమి తగ్గేదాకా, కునుకు వస్తున్నట్టు అనిపించిన రోజున మాత్రం బండి నడపకండి.