మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు అడిగి చేయించుకోవలసిన పరీక్షలు

మీ అమ్మగారి సూది పరీక్షలో మెడుల్లరీ క్యాన్సర్ అనే అనుమానం వచ్చిందనీ, వచ్చే వారమే ఆపరేషన్ అంటున్నారనీ, ఆ తర్వాత రేడియో అయోడిన్ అవసరమా అనీ అడిగారు. ఆరేళ్ల క్రితం, 44వ ఏట, ఇదే జబ్బుకు ఆపరేషన్ చేయించుకున్నవాడిని.

రేడియో అయోడిన్ దీనికి పనిచేయదు. థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే కణాలే అయోడిన్‌ను పీల్చుకుంటాయి. ఈ క్యాన్సర్ వాటిలో కాక, సి-కణాలలో పుడుతుంది. కనుక థైరాయిడ్‌ను పూర్తిగా, సాధారణంగా మెడ మధ్యభాగంలోని లింఫ్ గ్రంథులతో సహా, తీసివేయడమే ప్రధాన చికిత్స.

ఆ సి-కణాలు కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. నా మొదటి సూది పరీక్షలో జబ్బును వేరే రకం గడ్డగా రాశారు. రెండో డాక్టరుగారు రక్తంలో కాల్సిటోనిన్ చూడమన్నాకే, పదికి మించకూడదని ముద్రించి ఉన్న చోట 312 అని వచ్చి, అసలు సంగతి బయటపడింది. అమ్మగారికి ఈ పరీక్షతో పాటు సీఈఏ (ఈ క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే మరో ప్రోటీన్) పరీక్ష కూడా ఆపరేషన్‌కు ముందే చేయించండి. తర్వాత వచ్చే అంకెలను పోల్చుకోవడానికి అవే ఆధారం.

అంతకన్నా ముఖ్యమైనది మెటానెఫ్రిన్ల పరీక్ష, అంటే అడ్రినల్ హార్మోన్ల నుంచి ఏర్పడే పదార్థాలను రక్తంలో గానీ మూత్రంలో గానీ కొలవడం. వంశపారంపర్య రకంలో, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోనూ ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉండవచ్చు. అది తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ప్రాణం మీదికి తెచ్చేంతగా పెరగవచ్చు. ఉంటే ముందు దానినే తీయాలి. ఇరవై నాలుగు గంటల మూత్రం నింపిన క్యాన్‌ను గుడ్డ సంచిలో దాచి ఆటోలో ల్యాబ్‌కు తీసుకువెళ్లినప్పుడు సిగ్గుపడ్డాను గానీ, దానికోసం ఆపరేషన్ వారం వాయిదా పడినందుకు ఏనాడూ చింతించలేదు.

మా వంశంలో ఎవరికీ లేదని ఆర్‌ఈటీ జన్యు పరీక్షను వదిలేయకండి. ఈ రోగుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది పుట్టుకతో వచ్చిన జన్యుమార్పు వల్లే వస్తుంది. అమ్మగారికి అది ఉంటే, మీకూ మీ తోబుట్టువులకూ ఒక్కొక్కరికి సగం అవకాశం ఉంటుంది. నాకు లేదని తేలింది కనుక మా పిల్లలకు ఆ పరీక్ష అవసరం రాలేదు.

ఆపరేషన్ అయిన రెండో రాత్రి పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి మొదలైతే అది కాల్షియం తగ్గడం వల్ల కావచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా నర్సును పిలవండి. నేను ఓర్చుకుందామని ఊరుకుంటే, తెల్లవారుజామున చేతి వేళ్లు కొంకర్లు పోయాయి.