జిమ్ గడప తొక్కకుండా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా వయసు 46. టీచర్‌ని. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఇంకా రెండు నెలలుంది. మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు చేరేసరికే ఆయాసం వస్తోంది. జిమ్‌లో చేరే తీరిక, స్తోమత రెండూ లేవు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీకు కావలసిన సరంజామా మీ ఇంటి గుమ్మం బయటే ఉంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మామూలు అపార్ట్‌మెంట్‌లో అంతస్తుకు 18 నుంచి 20 మెట్లుంటాయి. కింది నుంచి ఐదో అంతస్తుకు ఒకసారి ఎక్కితే దాదాపు 100 మెట్లు. దీన్ని ఒక చుట్టు అనుకుందాం. లెక్క ప్రకారం కొండకు ముప్పై ఐదున్నర చుట్లు. భయపడకండి, అన్నీ ఇంట్లోనే ఎక్కనక్కర్లేదు. కొండదారి ఏకబిగిన నిలువుగా ఉండదు. సగానికి పైగా మెట్లు గాలిగోపురం చేరేలోపే అయిపోతాయి. తర్వాత చాలా దూరం చదునైన నడకే. చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు. అంటే మెట్ల మీద పట్టుతో పాటు, అలిసిన కాళ్లతో మైళ్లు నడిచే ఓర్పు కూడా కావాలి.

వారానికి మూడు రోజులు చాలు: మంగళవారం, గురువారం, ఆదివారం. మొదటి వారం మూడు రోజులూ నాలుగేసి చుట్లు. ఆ తర్వాత ఆదివారం మాత్రం వారానికి రెండు చుట్ల చొప్పున పెంచండి. మిగతా రెండు రోజులు మెల్లగా ఎనిమిది దాకా వెళ్లి అక్కడే ఆగండి. ఏడో వారం ఆదివారానికి 16 చుట్లు, అంటే 1,600 మెట్లు వస్తాయి. ఆ స్థాయికి వచ్చినవాళ్లు గాలిగోపురం దగ్గర కూలబడరు. ఎనిమిదో వారం పెంచకూడదు, తగ్గించాలి: రెండు రోజులు, నాలుగేసి చుట్లు, అంతే. చివరి వారంలో ‘ఇంకొంచెం’ అని కష్టపడి, నొప్పులతో కొండ కిందికి చేరేవాళ్లు చాలామంది. మూడో వారం నుంచి శనివారాల్లో గంట నడక కలపండి.

వేగం సంగతి. ఒక్కో అంతస్తుకు అరనిమిషం తీసుకోండి. ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. పద్యం పాడగలిగేంత తేలిగ్గా ఉంటే వేగం చాలదు, రెండు మాటలకే ఊపిరి తెగితే ఎక్కువైంది. మూడో అంతస్తుకే ఆయాసం వస్తోందంటున్నారు. బహుశా గబగబా ఎక్కుతూ ఉండొచ్చు, సంచీలు మోస్తూ కూడా ఉండొచ్చు. వేగం సగానికి తగ్గించి చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ముందు బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు తరచూ మెట్ల మీదే ఆ సంగతి తెలుస్తుంది. ఎక్కేటప్పుడు ఛాతీ బిగిసినా, దవడకో చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడే కూర్చోండి. వెంటనే డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి.

పాదం మొత్తం మెట్టు మీద పడాలి. మునివేళ్ల మీద ఎక్కితే భారమంతా పిక్కల మీద పడి రాత్రి పిక్క పట్టేస్తుంది. మోకాలు లోపలికి ఒరగకుండా బొటనవేలి పక్క వేలి దిక్కుకు ఉండాలి. రెయిలింగ్ పడిపోకుండా పట్టుకోవడానికే, దాన్ని లాగుతూ పైకి వెళ్లకండి.

దిగడం అసలు చిక్కు. ఎక్కేటప్పుడు ఊపిరి అలుస్తుంది, దిగేటప్పుడు తొడలు దెబ్బతింటాయి. కిందికి దిగే ప్రతి అడుగులో తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. అలవాటు లేకపోతే ఒకటి రెండు రోజుల తర్వాత కుర్చీలో కూర్చోలేనంత నొప్పి వస్తుంది. అందుకని మొదటి రెండు వారాలు లిఫ్టులో దిగండి. దానికి సిగ్గేమీ లేదు. మూడో వారం నుంచి రోజుకు రెండు చుట్లు నడిచి దిగుతూ, మెల్లగా పెంచండి.

కొండ మీద చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. మీరూ అంతే అయితే చివరి మూడు వారాలు ఒకటి రెండు చుట్లు వట్టికాళ్లతో ఎక్కి అరికాళ్లకు అలవాటు చేయండి. ఇంకో మాట: భక్తులు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడతారు. తడి తగిలితే అక్కడ కాలు జారుతుంది, మెట్టు అంచున కాకుండా లోపలికి అడుగు వేయండి. సామాను భుజాన మోయకండి, అలిపిరిలో ఇస్తే దేవస్థానంవారే ఉచితంగా పైకి చేరుస్తారు.

ప్రశ్న: పొద్దున లేచిన దగ్గర్నుంచి పనే. ఊడవడం, తుడవడం, బట్టలు, వంట. మళ్లీ వ్యాయామం చేయమని అందరూ అంటారు. ఇంటిపని వ్యాయామం కాదా?
– ఒక గృహిణి, ఖమ్మం

అవుతుంది, కానీ కొంతవరకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ కావాలి. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని ఉండాలి. ఒకప్పుడు ఒక్క విడతలో పది నిమిషాలైనా చేయాలనే నియమం ఉండేది. దాన్ని తీసేశారు, రెండు నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది. గొంతుక్కూర్చుని నేల తుడవడం, బకెట్లు మోయడం ఖాయంగా ఇందులోకే వస్తాయి. పొయ్యి దగ్గర నిలబడటం రాదు. అలసట వేరు, శ్రమ వేరు. రోజంతా నిలబడి కాళ్లు లాగినా గుండె వేగం పెరగలేదంటే అది అలసటే.

ఇంటిపనిలో బాగా లోపించేది చేతులతో తోయడం. అందుకు వంటగట్టు చాలు. కుక్కర్ మూడు విజిళ్లు వేసేలోపు అయిపోతుంది. వెలిగించిన పొయ్యికి దూరంగా గట్టు అంచును తుడిచి, రెండు చేతులూ భుజాల కన్నా కాస్త ఎడంగా ఆనించండి. రెండడుగులు వెనక్కి వేయండి. తల నుంచి మడమ దాకా ఒకే గీతలా ఉండాలి. మూడు అంకెలు లెక్కపెడుతూ ఛాతీని గట్టు అంచు దాకా తెచ్చి, ఒక్క అంకెలో వెనక్కి తోయండి. ఎనిమిది సార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఎనిమిది. నడుము కిందికి జారుతోందంటే పొట్ట బిగించడం మరిచిపోయారన్నమాట. మణికట్టు నొప్పి పెడితే అరచేతులకు బదులు గట్టు అంచును పిడికిలితో పట్టుకోండి. నేల తడిగా ఉంటే మాత్రం ఆ పూట మానేయండి. కాలు జారితే గడ్డం గ్రానైట్‌కు తగులుతుంది.

బకెట్ల విషయంలో ఒక మార్పు. నిండు బకెట్ ఒక చేత్తో మోసి నడుము వంకర చేసుకునే బదులు, సగం నింపిన రెండు బకెట్లు చెరో చేత మోయండి. బరువు అంతే, వెన్నుకు సుఖం.

ప్రశ్న: మా పాప కోసం స్కిప్పింగ్ తాడు కొన్నాను. సరదాగా నేనూ (38) మొదలెట్టి రోజూ 500 గెంతులు గెంతాను. వారానికే ముంగాలు ఎముక వెంట నొప్పి. మానేయాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

నొప్పి పోయేదాకా మానండి, తాడు పారేయకండి. ముంగాలు ఎముకను అంటిపెట్టుకున్న పొరకు, కండరానికి ఒక్కసారిగా మోత పెరిగితే వచ్చే నొప్పి ఇది. వేలితో నొక్కితే ఎముక పొడవునా నొప్పి ఉంటే కొన్ని వారాల విశ్రాంతికి తగ్గుతుంది. ఒక్క చోటే, చిటికెన వేలంత మేర పొడిచినట్టుంటే మాత్రం ఎముకలో సన్న పగులు ఉండే అవకాశం ఉంది. ఎముకల డాక్టర్‌కు చూపించండి.

తిరిగి మొదలెట్టే ముందు తాడు సరిచూడండి. తాడు మధ్యలో ఒక పాదం పెట్టి నిలబడి పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. పొడవెక్కువైతే చేతులు దూరంగా చాచాల్సి వస్తుంది, అప్పుడు గెంతు కూడా పెద్దదవుతుంది. పిడి విప్పి లోపల ముడి వేస్తే తాడు పొట్టిదవుతుంది. మోచేతులు నడుముకు దగ్గరగా ఉంచి మణికట్టు మాత్రమే తిప్పాలి. తాడు పాదాల కింద దూరేంత ఎత్తు గెంతితే చాలు, ఒక అంగుళం. చాలామంది అరడుగు ఎగురుతారు, నొప్పులన్నీ అక్కడివే. చెవి పెట్టి వినండి: తాడు నేలకు తగిలే ‘టిక్’ వినిపించాలి, మీ పాదాల ‘ధబ్’ వినిపించకూడదు. మునిపాదం మీద దిగి, మోకాళ్లు కొద్దిగా వంచితే చప్పుడు దానంతటదే తగ్గుతుంది. టైల్స్ మీద, సిమెంటు డాబా మీద వట్టికాళ్లతో వద్దు. బూట్లు వేసుకోండి, లేదా గట్టి మట్టినేల చూసుకోండి.

20 సెకన్లు గెంతు, 40 సెకన్లు విశ్రాంతి. ఇలా ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు. మొత్తం ఎనిమిది నిమిషాలు. గెంతులు మూడొందల లోపే ఉంటాయి. రెండు వారాలు నొప్పి లేకపోతే 30–30కి మారండి. కాన్పుల తర్వాత గెంతితే మూత్రం చుక్కలు పడే ఆడవాళ్లు ఉంటారు. సిగ్గుపడి దాచుకోకుండా, ముందు కటి కండరాల వ్యాయామం నేర్చుకుని ఆ తర్వాతే తాడు పట్టుకోండి.

తాడు లేని రోజు పాపతో తొక్కుడుబిళ్ల ఆడండి. ఒంటికాలిపై గెంతి, అదే కాలి మీద వంగి బిళ్ల తీయడం చూడ్డానికి పిల్లల ఆటే గానీ, తుంటికి, చీలమండకు అంతకన్నా మంచి పరీక్ష తక్కువ. ఒక ఆట కుడికాలితో, ఒక ఆట ఎడమకాలితో. పాపే గెలుస్తుంది లెండి.

ప్రశ్న: బతుకమ్మ తొమ్మిది రోజులు మా కాలనీ ఆడవాళ్లం రోజూ ఆడినం. ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. ఏడాదంతా డాబా మీద ఆడుదామనుకుంటున్నం. వ్యాయామం కింద సరిపోతుందా?
– కాలనీ మహిళలు, కరీంనగర్

తప్పకుండా ఆడండి. పదిమంది ఎదురుచూస్తారంటే మానబుద్ధి కాదు, ఆ సౌకర్యం ఏ మెషీన్ దగ్గరా దొరకదు. అయితే వంగి చప్పట్లు కొడుతూ నెమ్మదిగా తిరిగే ఆట ఒక్కటే అయితే గుండెకు చాలదు, కోలాటం కలపండి. పాటకు నాలుగైదు నిమిషాల లెక్కన మొదట రెండు నెమ్మది పాటలు, తర్వాత కోలలతో నాలుగు జోరు పాటలు, చివర రెండు నెమ్మదివి. ముప్పై ఐదు, నలభై నిమిషాలవుతుంది. వారానికి నాలుగు రోజులు ఆడితే 150 నిమిషాలు దాదాపు వచ్చినట్టే. జోరు పాటల్లో వంగేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచండి.

ఒకే దిక్కుకు తిరిగితే లోపలి వైపు కాలికి, బయటి కాలికి మోత తేడాగా పడుతుంది. సగం పాటలు ఎదురు తిరగండి. అడుగులు మొదట తడబడతాయి, నవ్వులు కూడా వస్తాయి. మడమ నొప్పి ఉన్నవాళ్లు మెత్తని చెప్పులతోనే ఆడాలి. చీర కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి దోపుకోండి. కింది ఇంటివాళ్లు నిద్రపోయే వేళకు ముందే ముగించండి.

ప్రశ్న: రిటైరయ్యాను, 62 ఏళ్లు, షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. మా అబ్బాయి కొనిచ్చిన వాచీ రోజుకు 10,000 అడుగులు నడవమంటుంది. ఆరు వేలు దాటడం లేదు.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

ఆ పదివేలు వైద్యులు తేల్చిన అంకె కాదండీ. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని ‘మాన్పో-కెయ్’ పేరుతో అమ్మారు, పదివేల అడుగుల మీటరు అని అర్థం. ఆ పేరే అందరికీ లక్ష్యమైపోయింది. మీ ఆరు వేలు తక్కువేమీ కాదు. అవి ఏ వేళ నడుస్తున్నారనేది మీకు ఎక్కువ ముఖ్యం. తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే సమయంలో కాలి కండరాలు పనిచేస్తే ఆ చక్కెరను అవే వాడుకుంటాయి. పొద్దున ఒక్కసారే ముప్పావుగంట నడిచే బదులు మూడు పూటలా తిన్న తర్వాత పావుగంట చొప్పున నడవండి. నిమిషానికి 100 అడుగుల జోరు ఉండాలి, వాచీతో ఒక్క నిమిషం లెక్కపెట్టి చూసుకోవచ్చు. రాత్రి భోజనం తర్వాతది అసలు మానకండి. మనవాళ్లు బరువుగా తిని నేరుగా టీవీ ముందు కూర్చునేది అప్పుడే.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు, జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చెమట, వణుకు మొదలైతే అది నోట్లో వేసుకుని కూర్చోవాలి, ఇంటికెళ్లాక చూద్దాం అనుకోకూడదు. వట్టికాళ్లతో నడవొద్దు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి, స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ప్రశ్న: వారమంతా కంప్యూటర్ ముందే. ఆదివారం క్రికెట్ ఆడతాను. రెండోసారి తొడ వెనక కండరం పట్టేసింది. ఏంటి కారణం?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

ఐదు రోజులు కుర్చీలో మడిచి ఉంచిన కండరాన్ని ఆదివారం ఒక్క పరుగుకు పూర్తి వేగంతో సాగదీస్తున్నారు. అది పట్టేయక ఏం చేస్తుంది! ఆటకు ముందు నిలబడి కాలు చాచి సాగదీయడం ఒక్కటే చాలదు. ఐదు నిమిషాలు మెల్లగా పరుగెత్తి, తర్వాత 20 మీటర్ల పరుగులు నాలుగు తీయండి: మొదటిది సగం వేగంతో, చివరిది దాదాపు పూర్తి వేగంతో. వారం మధ్యలో రెండు రోజులు నేలపై వెల్లకిలా పడుకుని, మడమలు కుర్చీ మీద పెట్టి, పిరుదులు పైకెత్తి మూడు సెకన్లు ఆపి దించండి. పది సార్లు, రెండు విడతలు. కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. ఆఫీసు కుర్చీకి చక్రాలుంటాయి, దానితో వద్దు.