మీ ప్రశ్నలు – మా జవాబులు: రాణి పోయినప్పుడు బడిలో...

ప్రశ్న: మా అబ్బాయి చదివే ప్రైమరీ స్కూల్లో నేను పేరెంట్ గవర్నర్‌ని (బడి పాలకమండలిలో తల్లిదండ్రుల తరఫు ప్రతినిధిని). 2022లో ఎలిజబెత్ రాణి పోయినప్పుడు ఏం చేయాలో తెలియక అందరూ తికమకపడ్డారు. ముందు ముందు అవసరపడితే చేతికి అందేలా ఒక పేజీ రాసిపెట్టమన్నారు. అందులో ఏమేం ఉండాలి?
— ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: 'బడి నడుస్తుంది' అనే ముక్కతో మొదలుపెట్టండి. తల్లిదండ్రుల నుంచి ముందు వచ్చే ఫోన్లు దాని గురించే. రాణి సెప్టెంబరు 8, గురువారం పోయారు. వార్త బయటికొచ్చింది సాయంత్రం ఆరున్నరకు. మర్నాడు బడులు మామూలుగానే తెరిచారు. సెలవు ఇచ్చింది అంత్యక్రియలు జరిగిన 19వ తేదీ, సోమవారం ఒక్కరోజే. కాబట్టి ఆ రోజు దేశమంతా పాటించిన రెండు నిమిషాల మౌనం బడిలో కుదరదు, మీరు వేరే రోజు పెట్టుకోవాలి.

అసెంబ్లీకి ముందే చేయాల్సిన పని ఒకటుంది, దాన్నే అందరూ మరచిపోతారు. ఈమధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలెవరో క్లాస్ టీచర్లను అడిగి తెలుసుకుని, వాళ్ల ఇళ్లకు ఫోన్ చేయాలి. రాణి పేరు చెప్పగానే ఆ పిల్లలకు గుర్తొచ్చేది వాళ్ల తాతయ్యే. కావాలంటే అసెంబ్లీ జరిగే ఆ పది నిమిషాలూ లైబ్రరీలో కూర్చోవచ్చని చెప్పండి.

చిన్న తరగతులకు మౌనం ఒక్క నిమిషం చాలు. అంతకు మించితే ఒకరు కిసుక్కుమంటారు, గదంతా అంటుకుంటుంది. మొదలూ ముగింపూ తెలిసేలా ఒక గంట కొట్టండి. తానంతట మోగే పీరియడ్ బెల్లును మాత్రం ముందే ఆపించండి. సంతాప పుస్తకానికి కుట్టిన నోట్‌బుక్కు వద్దు, విడి కాగితాలే మేలు. ఒకటి పాడైతే తీసేయొచ్చు. 2022లో జాతీయ గీతంలో 'క్వీన్' పోయి 'కింగ్' వచ్చింది, సర్వనామాలూ మారాయి. ఆ ఏడాది జూన్‌లో ప్లాటినం జూబ్లీకి (రాణి గద్దెనెక్కి డెబ్బై ఏళ్లయిన పండుగకు) పాత మాటలు బట్టీపట్టిన పిల్లలకు అలాంటప్పుడు నోరు తిరగదు. గీతం పాడిస్తే పదాలు తెరమీద వేయండి.

ప్రశ్న: జెండాను సగానికి దించడం అంటే సరిగ్గా సగానికేనా?
— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: కాదు. స్తంభం పైనుంచి మూడో వంతు కిందికి దించాలి. జెండా పై అంచుకూ స్తంభం కొసకూ మధ్య కనీసం జెండా ఎత్తంత ఖాళీ ఉండాలి. మరీ కిందికి దిగితే తాడు జారిందనుకుంటారు. ఎగరేసేటప్పుడు ముందు కొసదాకా లాగి, ఆ తర్వాత దించాలి. తీసేటప్పుడూ మళ్లీ కొసదాకా లాగాకే. గోడకు బాగా వాలుగా బిగించిన కర్ర అయితే దించడం కుదరదు, దానికి నల్ల రిబ్బను కడతారు. యూనియన్ జెండాలో స్తంభం వైపున వెడల్పాటి తెల్ల ఏటవాలు పట్టీ పైన ఉండాలి. తలకిందులుగా కట్టడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఇంకో సంగతి: కొత్త రాజును ప్రకటించినందుకు సెప్టెంబరు 10న జెండాలను మళ్లీ పూర్తిగా ఎత్తి, మర్నాడు దించారు. మీ పేజీలో ఇదీ రాసుకోండి.

ప్రశ్న: 'మనల్ని ఏలినవాళ్లకు మన పిల్ల మౌనం పాటించడమేంటి?' అంటారు మావారు. ఆరేళ్ల మా పాపేమో 'అమ్మమ్మ కూడా చచ్చిపోతుందా?' అని బెంగపెట్టుకుంది. ఎవరికేం చెప్పను?
— ఒక తల్లి, లండన్

జవాబు: మీవారి కోపానికి కారణం ఉంది, అయితే ఒక లెక్క సరిచేయాలి. భారతదేశం 1950లోనే గణతంత్రమైంది, ఎలిజబెత్ రాణి అయింది 1952లో. ఆవిడ మనకెప్పుడూ రాణి కాదు. ఆవిడ పోయినప్పుడు భారత ప్రభుత్వమూ సెప్టెంబరు 11న ఒకరోజు సంతాపం పాటించింది. అయినా ఇష్టం లేకపోతే పాప ఊరికే కూర్చుంటే చాలు, తల వంచాలనే నిబంధనేమీ లేదు. పాలన గురించిన ప్రశ్నలు చరిత్ర క్లాసులో అడగనివ్వండి.

పాపతో 'నిద్రపోయింది', 'దేవుడు తీసుకెళ్లాడు' అనకండి, రాత్రి పడుకోవడానికే భయపడుతుంది. 'చనిపోయారు, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రారు' అని చెప్పండి. రాణికి 96 ఏళ్లనీ చెప్పండి. అమ్మమ్మ మాటకొస్తే, 'అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోతారు, అమ్మమ్మ మాత్రం ఇప్పుడు బాగానే ఉంది' అని చెప్పి, ఆ సాయంత్రమే వీడియో కాల్ చేయించండి.